అమ్మ పేరు పెట్టుకున్న ఆల్బమ్

మా ఇంట్లో కుక్కర్ మూడో విజిల్ కన్నా ముందే డప్పులు మొదలవుతాయి. మా అమ్మాయి ఆఫీసుకి తయారవుతూ పెట్టుకునే పాటలవి. ఫోనుకి చిన్న స్పీకరొకటి కలిపి బాత్‌రూమ్ కిటికీలో పెడుతుంది. ఆ మోతకి స్టాండులో గిన్నెలు కూడా తాళం వేస్తాయంటే నమ్మండి!

"ఏం పాటలే ఇవి? జాతరా, పెళ్ళి ఊరేగింపా, కోళ్ళ ఫారమా?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"మూడూనమ్మా" అంది నవ్వుతూ.

నేను ఇంకో మాట అనబోయేలోగా, వరండాలో కాఫీ తాగుతున్న మా అమ్మ గ్లాసు పక్కన పెట్టి, "ఏమ్మే, వీధిలో ఉరుములోళ్ళు వచ్చినారా?" అని అడిగింది. మా అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. చెవులు సగమే పనిచేస్తాయి. పుట్టి పెరిగిందంతా అనంతపురం వైపు. అక్కడ జాతరల్లో ఉరుములవాళ్ళు వాయిస్తూ ఆడుతుంటే పిల్లలం వెంటపడి పరిగెత్తేవాళ్ళం. హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాటులోకి ఉరుములవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?

కానీ ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. పాట పేరు కూడా తెలియని మా అమ్మ సరిగ్గానే పట్టింది. అవి నిజంగా ఉరుములకు దగ్గరి చుట్టాలే. తమిళనాడు 'ఉరుమి' వాయిద్యాలు. ఒక వైపు కొడుతూ, రెండో వైపు వంకర పుల్లతో రాస్తే మూలిగినట్టు ధ్వనిస్తుంది చూడండి, అదే. చెన్నైలో రికార్డు చేశారట. పాట పేరు 'బర్డ్ ఫ్లూ'. అందులో కోళ్ళ అరుపులు కూడా ఉన్నాయి. అంటే నేను విసుక్కున్న మాట కూడా అబద్ధం కాదన్నమాట!

ఆల్బమ్ పేరు 'కళ'. పాడిన ఆమె ఎం.ఐ.ఎ. అసలు పేరు మాతంగి అరుళ్‌ప్రగాసం, ఇంట్లో మాయ. శ్రీలంక తమిళులమ్మాయి. ఈ ఆల్బమ్ 2007 ఆగస్టులో వచ్చింది. ఆ ఏటి ఆల్బమ్‌లన్నింటిలోకీ మొదటిదంటూ అమెరికా పత్రిక 'రోలింగ్ స్టోన్' దీన్నే ఎంచింది. పేరు చూసి 'ఆర్టు' అన్న అర్థంలో పెట్టుకుందేమో అనుకున్నాను. కాదట. కళ వాళ్ళమ్మ పేరు.

అక్కడ నా చెవి నిలబడింది.

ఆ తల్లి కథ ఇదీ. మాయ 1975లో లండన్‌లో పుట్టింది. ఆరు నెలల పిల్లగా ఉండగా కుటుంబం జాఫ్నా చేరింది. తండ్రి తమిళ ఈలం ఉద్యమంలోకి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చేదే అరుదు. వచ్చినా ప్రాణభయం కొద్దీ పిల్లలకు 'మామయ్య' అని పరిచయం చేసేవారట. తన తండ్రినే మామయ్య అనుకుంటూ పెరిగిన పిల్ల! యుద్ధం ముదిరాక తల్లి పిల్లల్ని తీసుకుని మద్రాసు వచ్చింది. అక్కడా కష్టాలే. చివరికి 1986లో శరణార్థులుగా లండన్ చేరారు. ప్రభుత్వం కట్టిన ఇళ్ళలో ఓ చిన్న ఇల్లు. తల్లి కుట్టుపని చేసి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఇంట్లో రేడియో దొంగలు ఎత్తుకుపోతే, పక్కింటి గోడలోంచి వచ్చే హిప్‌హాప్ వింటూ నిద్రపోయేదాన్నని మాయ చెప్పుకుంది.

మొదటి ఆల్బమ్‌కి తండ్రి పేరు పెట్టింది, 'అరుళర్' అని, 2005లో. తండ్రి పేరుతో ఉద్యమం, రాజకీయం. రెండోదానికి తల్లి పేరు. పిల్లల్ని పెంచడం, పని చేయడం, బతకడం, ఇదంతా ఈ రెండోదాని సంగతి అని ఆమె ఉద్దేశం. పిల్లల దగ్గర లేని తండ్రికే మొదటి పేరు దక్కిందేమిటని నాకు కాస్త చిరాకేసింది. ఏం చేస్తాం, ఇళ్ళల్లో జరిగేదీ అదే కదా!

ఇక ఆ పాటలు తయారైన తీరు ఇంకో కథ. 2006లో అమెరికా వెళ్ళి అక్కడి పెద్ద పేరున్న వాళ్ళతో చేద్దామనుకుంది. వీసా దొరకలేదు. సరే అని మూట కట్టుకుని ఊళ్ళు తిరిగింది. ఇండియా, ట్రినిడాడ్, జమైకా, లైబీరియా, ఆస్ట్రేలియా. ఎక్కడికెళితే అక్కడి దరువు పట్టుకొచ్చింది. ట్రినిడాడ్ సోకా సంగీతముంది చూశారా, అందులో ఒకప్పుడు మన దేశం నుంచి కూలికి వెళ్ళినవాళ్ళ డోలక్ దెబ్బ కూడా కలిసే ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసీ కుర్రాళ్ళు పాడిన పాట ఒకటుంది. దాని పేరులో మామిడికాయ పచ్చడి! అది చూసి మా అమ్మ ముచ్చటపడింది. పాట మాత్రం నచ్చలేదు.

వీటన్నింటి కింద కంప్యూటర్ మీద చేసిన డాన్స్ దరువు ఆగకుండా పరిగెడుతుంటుంది. మధ్యలో పాత పాటల ముక్కలు కత్తిరించి అతికిస్తారు. దాన్ని శాంపుల్ అంటారట. మొదటి పాటలో ఎక్కడో విన్న గొంతులు వినిపించి ఒకటే ఆలోచించాను. తీరా చూస్తే మన ఇళయరాజా! మణిరత్నం 'దళపతి' సినిమాలో రజనీకాంత్, మమ్ముట్టి కలిసి ఆడే పండగ పాట లేదూ, తమిళంలో బాలు, ఏసుదాసు పాడింది, అదే. ఇంకో పాటైతే 1982 నాటి 'డిస్కో డాన్సర్'లో బప్పీలహరి చేసిన 'జిమ్మీ'. అదే సినిమాని మనవాళ్ళు 1984లో బాలకృష్ణతో 'డిస్కో కింగ్'గా తీశారు. చిన్నప్పుడు ఇంటి ఫంక్షన్లలో మాయ ఈ పాటకి డాన్సు చేసేదట.

మా అమ్మ పాత చీరలన్నీ కత్తిరించి బొంత కుట్టేది. ఏ ముక్క ఏ చీరదో మాకు తెలిసేది. ఇది పిన్ని పెళ్ళి చీర, ఇది నీ బారసాల చీర అని వేలు పెట్టి చూపించుకునేవాళ్ళం. ఈ పాటలు నాకట్లాగే వినిపించాయి. అన్నీ కుదిరాయని చెప్పను. రెండు మూడు పాటల్లో కుట్లు ఊడినట్టే ఉంటుంది, ఒకటే మోత. కానీ ముక్కలు మనవి కూడా ఉన్నాయి కదా.

అందరికీ తెలిసిన పాట 'పేపర్ ప్లేన్స్'. 2008లో అమెరికా పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఆ ఏడే వచ్చిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్'లో కూడా వాడారు. అందులో పల్లవి మధ్య తుపాకీ మోతలు, ఆ వెంటనే గల్లాపెట్టె 'ఛింగ్'మనడం. మొదటిసారి విని నేను ఉలిక్కిపడ్డాను. అమెరికా టీవీవాళ్ళు కూడా ఆ మోతల్ని మార్చేశారు. "పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళంతా దోచుకోవడానికే వస్తారనుకునే వాళ్ళని వెక్కిరించడమమ్మా అది" అని మా అమ్మాయి వివరించింది. వీసా కోసం క్యూలో నిలబడ్డ పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఆ వెక్కిరింత అర్థమవుతుంది. అయినా చిన్నపిల్లలున్నచోట నేను ఆ పాట పెట్టనివ్వను. నా ఇల్లు, నా ఇష్టం.

2009 ఫిబ్రవరి 8న గ్రామీ వేదిక మీద ఈమె నిండు చూలాలుగా పాడింది. కాన్పుకి డాక్టర్లిచ్చిన తేదీ ఆ రోజే! మూడు రోజులకి కొడుకు పుట్టాడు. ఆ వీడియో చూసి మా అమ్మ "ఎవురూ కూసోమని చెప్పలేదా ఆ బిడ్డకి?" అని అందరినీ తిట్టింది.

ఇంతకీ ఈ కథంతా నాకు ఇంత శ్రద్ధగా ఎందుకు చెప్పిందనుకున్నారు మా అమ్మాయి? నెల రోజులుగా మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. తను ఉద్యోగం మానేసి ఏడాదిపాటు సౌండ్ మిక్సింగ్ నేర్చుకుంటుందట. మంచి జీతం, ఇంటి లోను వాయిదాలో సగం తనదే. నేను ససేమిరా అన్నాను. వాళ్ళ నాన్న ఏమీ అనలేదు. అది ఇంకా కష్టం.

"ఆవిడేం సంగీతం నేర్చుకోలేదమ్మా. ఫిల్మ్ కోర్సు చదివింది. పీచెస్ అనే కెనడా గాయని ప్రోత్సహిస్తే, రోలండ్ ఎంసీ-505 అనే పెట్టె పట్టుకుని ఇంట్లో కూర్చుని చేసుకుంది" అంది.

"ఆవిడకి ఇంటి లోను ఉందా?" అన్నాను. నాకే నా మాట బాగాలేదు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

అప్పుడు మా అమ్మ అడిగింది, "ఆ పాపమ్మ తల్లి ఏం కుడుతుండె? జాకెట్లా, పరికిణీలా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. నాయన పోయాక మా అమ్మ జాకెట్లు కుట్టే మమ్మల్ని చదివించింది. చేతిపని జాకెట్టుకి ఇంత, లైనింగుదైతే ఇంత అని లెక్క రాసుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ మిషను అమ్మనివ్వలేదు. నాకు డిగ్రీలో సీటొచ్చినప్పుడు "ఆడపిల్లకి అంత చదువెందుకు, మిషను మీద కూర్చోబెట్టు" అన్నవాళ్ళకి ఆమె ఏం జవాబు చెప్పిందో నాకు గుర్తుంది. అది ఇక్కడ రాసేది కాదు.

కోర్సు ఫీజు కట్టడానికి ఇంకా పద్దెనిమిది రోజులు గడువుంది. నేనింకా ఊఁ అనలేదు. ఉద్యోగం వదలకుండా శని, ఆదివారాలు నేర్చుకోవడం కుదురుతుందేమో కనుక్కోమన్నాను. కనుక్కుంటోంది.

ఈ లోపల పొద్దున పాటలు మాత్రం ఆగలేదు. స్పీకరు బాత్‌రూమ్ కిటికీ నుంచి వరండాలోకి మారింది. ఉరుములోళ్ళ పాట ఒక్కటి చాలు, మిగతావి వద్దని మా అమ్మ ఆర్డరు.