మానాలనుకునేవారికి నలుగురి తోడు

ఆటోనగర్‌లో పాడైన లారీ ఒక్కడి చేతిమీద బాగుపడదు. ఇంజిన్ విప్పేవారు ఒకరు, లేత్ పనివారు ఒకరు, వైరింగ్ చూసేవారు మరొకరు. పనిలో ఇంతమంది తోడున్న మనిషి కూడా తాగుడు మానాలనుకునేసరికి ఒంటరివాడవుతాడు. “రేపటి నుంచి ముట్టను” అని తనలో తానే ఒట్టు పెట్టుకుంటాడు. సాయంత్రానికి తప్పుతాడు. ఇంట్లో ముఖం చాటేస్తాడు. అటువంటివారికి మందులతోపాటు మేము చెప్పే మాట ఒకటుంది: మీలాంటివారు నలుగురు కూర్చునే చోటికి వెళ్లండి.

“దానివల్ల ఏం ఒరుగుతుందండీ?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి బిల్ అనే స్టాక్ వ్యాపారి పనిమీద వచ్చాడు. తాగుడు మాని నెలలే అయింది. వచ్చిన పని చెడింది, మనసు మళ్లీ మందు మీదికి పోయింది. తనలాంటి మరొకరితో మాట్లాడితే తప్ప నిలబడలేననుకుని వెదికాడు. బాబ్ అనే సర్జన్ దొరికాడు. ఆ ఏడాది జూన్ 10న డాక్టర్ బాబ్ తన చివరి గుక్క తాగాడు. ఆ రోజునే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. సాయం చేయబోయినవాడూ దానివల్లే నిలబడ్డాడు!

ఏమి ఆశించి వెళతారు?

మొదటిది, దాపరికం లేకుండా చెప్పుకునే చోటు. అక్కడ ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు, ఏ మతానికీ చెందినది కాదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. రెండవది, మాని నిలిచిన మనిషిని కళ్లారా చూడటం. మూడవది, మనసు లాగే వేళ ఫోను ఎత్తే ఒకరు. 2020 లాక్‌డౌన్‌లో అనేక బృందాలు ఫోను తెరమీదే కలుసుకున్నాయి. లోడుతో దూరం వెళ్లే డ్రైవరుకు ఇటువంటి సమావేశం ఎంతో మేలు. కుటుంబాల కోసం 1951లో ఏర్పడిన అల్-ఎనాన్ వేరుగా ఉంది.

కలిసి కూర్చోవడంలో బలమేమిటో మన ఆడవారికి ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి చేరిన స్త్రీలు తమ ఇళ్లలోని సారా గోడు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ ఉద్యమం పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఎంతవరకు పనిచేస్తుంది?

2020లో కాక్రేన్ సంస్థ పదివేలమందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను పరిశీలించింది. రోగులను ఈ బృందాలలో చేర్చే క్రమబద్ధమైన చికిత్స పొందినవారిలో ఏడాది తరువాత 42 శాతం మంది పూర్తిగా మానేసి ఉన్నారు. ఇతర చికిత్సలలో అది 35 శాతం. అందరికీ ఫలిస్తుందని చెప్పలేము, కానీ ఈ తేడా చిన్నది కాదు.

ఒక హెచ్చరిక

బృందం వైద్యుడికి బదులు కాదు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే మొదటి కొద్ది రోజులలో వణుకు, చెమటలు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. కనుక ముందు వైద్యుని సంప్రదించి, ఆ తరువాత బృందానికి వెళ్లండి. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 ఉచితంగా పలుకుతాయి.

అమ్మా, మీ ఇంటాయన ఒకసారి జారితే అంతా పోయిందనుకోకండి. మరునాడు మళ్లీ అక్కడికే పంపండి. అక్కడివారిలో చాలామంది అలా జారి లేచినవారే. తిట్టకుండా కుర్చీ చూపిస్తారు.