మీకు తెలుసా? జైలు మీదుగా శాసన మండలికి!

ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారని కర్నూలు జిల్లాలో పిల్లలు కూడా చెబుతారు. మరి అదే జిల్లా మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు సంగతో? పెద్దవాళ్లయినా కాస్త తడుముకోవాల్సిందే.

ఆయన 1883లో కర్నూలులో పుట్టారు. ఎం.ఏ. చేసి, ఉపాధ్యాయ శిక్షణకు రాజమండ్రి వెళ్లారు. 1907లో జాతీయోద్యమ నేత బిపిన్ చంద్రపాల్ అక్కడికొచ్చి ఉపన్యాసాలిస్తే, కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకొచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు ఒళ్లు మండింది. వాళ్లలో ఒకరైన గాడిచర్లను కాలేజీలోంచి వెళ్లగొట్టారు. సర్కారు కొలువు ఆశా పోయింది. పోతే పోయింది, తెలుగుకు ఒక సంపాదకుడు దొరికాడు! మరుసటేడే బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ వారపత్రిక నడిపారు. తిరునల్వేలిలో పోలీసులు జరిపిన కాల్పులపై అందులో వచ్చిన వ్యాసం తెల్లదొరతనాన్ని క్రూరమైన పులి అంది. ఇంకేముంది, రాజద్రోహం కేసు. కింది కోర్టు ఆరు నెలలు వేస్తే అది చాలదని సర్కారు హైకోర్టుకెక్కి మూడేళ్లు చేయించింది. వేలూరు జైల్లో గడిపి 1911లో బయటికొచ్చారు. తెలుగువారిలో తొలి రాజకీయ ఖైదీ ఆయనేనంటారు.

ఇలాంటి కథే ఇంకొకటుంది, కానీ దాని మలుపు వేరు. ఐర్లండ్‌లో ‘ది నేషన్’ పత్రిక నడిపిన చార్లెస్ గావన్ డఫీ మీదా 1848లో రాజద్రోహం కేసే పెట్టారు. నేరం రుజువు కాలేదు. 1856లో ఆయన ఆస్ట్రేలియా చేరాడు. 1871లో అక్కడి విక్టోరియా వలసరాజ్యానికి ఏకంగా ప్రధాని అయ్యాడు. రెండేళ్లకు, కేసు పెట్టిన అదే బ్రిటిష్ రాణిగారి సర్కారు ‘సర్’ బిరుదూ ఇచ్చింది. విక్టోరియాలో 1857 నుంచే వయసొచ్చిన మగవాళ్లకు ఓటుండేది. మన దగ్గర? 1927లో గాడిచర్ల మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టేనాటికి కూడా శిస్తో పన్నో కట్టే స్తోమత ఉన్నవాళ్లదే ఓటు. అసలు పెత్తనం గవర్నరుదే. ఒకే సామ్రాజ్యం, తెల్ల వలసలకో లెక్క, మనకో లెక్క.

గాడిచర్లకు పదవుల కన్నా గ్రంథాలయాల మీదే మనసెక్కువ. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏళ్ల తరబడి మోశారు, వయోజనులకు చదువు చెప్పించారు. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. వర్ధంతి తేదీ నాలుగేళ్లకోసారి గానీ రాదు. అప్పుడైనా తలుచుకునేవాళ్లు ఎందరో మరి!