గర్భస్థ శిశువునకు సికిల్ సెల్ పరీక్ష ఎప్పుడు అవసరము?

బిలాస్‌పూర్ నుండి కట్నీ పోవు రైలుమార్గమున కోటా పట్టణమునకు కర్గీరోడ్డు స్టేషను కలదు. అదే మార్గమున ముందుకు సాగినచో షహడోల్ వచ్చును. సికిల్ సెల్ వ్యాధి నిర్మూలనకై జాతీయ కార్యక్రమము 2023 జూలై 1వ తేదీన అచ్చటనే ప్రారంభమైనది. ఈ వ్యాధి అధికముగా గల రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. మన ఆంధ్ర, తెలంగాణ మన్యసీమలకును ఇది క్రొత్త కాదు.

ఈ వ్యాధియందు ఎఱ్ఱ రక్తకణములు కొడవలి వలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొనును. అందువలన రక్తహీనతయు, భరింపరాని ఎముకల నొప్పులును కలుగును. తల్లిదండ్రులలో ఒక్కరి నుండియే దోషము సంక్రమించినచో ఆ బిడ్డ వాహకుడు మాత్రమే. సాధారణముగా ఆరోగ్యముగనే యుండును. కావున గర్భిణి వాహకురాలని తేలినచో మొదట చేయవలసినది భర్త రక్తపరీక్ష. ఆయన రక్తమున హిమోగ్లోబిన్ దోష మేదియు లేనిచో శిశువునకు ఈ వ్యాధి రాదు, గర్భమున సూది గ్రుచ్చవలసిన పనియు లేదు. భార్యను మాత్రమే ఆసుపత్రికి పంపి తా మింటనుండు భర్తలు ఈ సంగతి గమనింతురు గాక.

ఇరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ప్రమాదము కలదు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక రెండవ బిడ్డకు రాదనుట సరికాదు. అట్టివారికి 10 మొదలు 13 వారముల లోపల మావి నుండి, లేక 15 వారములు నిండిన పిదప ఉమ్మనీటి నుండి నమూనా తీసి పరీక్షింతురు. దీనివలన గర్భస్రావము కావచ్చును. అనుభవజ్ఞుల చేతిలో అది నూటికి ఒకటి కంటె తక్కువ.

అయినను ఒక సంగతి కలదు. పరీక్ష వ్యాధి యున్నదో లేదో చెప్పునే గాని, ఎంత తీవ్రముగా నుండునో చెప్పజాలదు. కొందరు బిడ్డలు తరచు ఆసుపత్రి పాలగుదురు. మరికొందరు హైడ్రాక్సీయూరియా, పెన్సిలిన్, టీకాల సాయమున పెరిగి, చదివి, ఉద్యోగములు చేయుచున్నారు. కనుక దంపతులు ముందుగనే యోచింపవలెను: ఫలితము తెలిసిన పిదప మన మేమి చేయుదుము? ఎట్లయినను బిడ్డను కందుమనువారికి, పుట్టిన వెంటనే చేయు రక్తపరీక్షయే చాలును. దానివలన గర్భమునకు ముప్పు లేదు. గర్భవిచ్ఛిత్తిని గూర్చి యోచించువారు ఆలస్యము చేయరాదు. 2021 చట్టసవరణ ప్రకారము 20 వారముల వరకు ఒక్క వైద్యుని అభిప్రాయము చాలును.

1994 నాటి చట్టము ఈ పరీక్షను అనుమతించుచున్నది. శిశువు ఆడయో మగయో తెలుపుట మాత్రము నేరము. పరీక్షకు పూర్వము వైద్యుడు కష్టనష్టములను వివరించి, గర్భిణికి తెలిసిన భాషలోనే ఆమె సమ్మతిని వ్రాతమూలకముగా పొందవలెను. కోటాలోని తెలుగు స్త్రీకి హిందీ పత్రము బోధపడనిచో తెలుగున కోరవచ్చును. అందొక ప్రతిని ఆమె చేతికీయవలెను.