నలపాకమును పూటకూళ్లమ్మయును

మంచివంటను మెచ్చవలసినప్పుడు మనవారు నలభీమపాకమందురు. అరణ్యమున నన్నిదినములు అతిథులకు వడ్డించిన ద్రౌపది పేర పాకమేదియు లేదు!

ఇట్టి విడ్డూరమే స్పెయిను దేశపు ఉత్తరతీరమునను గలదు. అచ్చటి బాస్కుజాతివారి పట్టణమగు సాన్ సెబాస్టియన్ భోజనశాలలకు లోకప్రసిద్ధి చెందినది. ఆ యూరి పురుషులు సంఘములుగా జేరి, తామే వండుకొని భుజించుట 19వ శతాబ్దినుండి యాచారము. నానవేసిన ఉప్పుచేపను వెల్లుల్లి కాచిన ఓలివునూనెలో సన్నసెగపై నుంచి, పాత్రను విడువక ఊపుచుండిన యెడల, చేపజిగురు నూనెతో గలసి తెల్లగా చిక్కబడును. దీనిని పిల్‌పిల్ అందురు. ఊపుటలోనే నేర్పంతయు నున్నది. అయితే ఆ సంఘముల వంటయిండ్లలోనికి స్త్రీలను చిరకాలము రానీయలేదు. ఇప్పుడు పెక్కు సంఘములు ఆ కట్టుబాటును సడలించినవి. ఇంట మాత్రము ఏ నాడును వలదన్నవారు లేరు సుమా!

ఆ యూరనే ఆర్సాక్ అను భోజనశాల కలదు. 1897లో కట్టిన యిల్లది. తొలుత ద్రాక్షసారాయపు అంగడి. 1951లో యజమాని గతింపగా, మన పూటకూళ్లమ్మలవలెనే ఆయన భార్య పకీతా అర్రతిబెల్, తొమ్మిదేండ్ల కొడుకును బెంచుకొనుచు, పెండ్లివిందులు వండి యిల్లు నిలిపెను. ఆ కొడుకు హువాన్ మారి పెద్దవాడై, 1989లో మిషెలిన్‌వారి మూడు నక్షత్రములను బడసెను. వారి గ్రంథమున అంతకు మించిన పదవి లేదు. అతని కూతురు ఎలేనా 2012లో ప్రపంచమున ఉత్తమ వంటగత్తెయని బిరుదందెను.

పురుషులకై అట్టి వేఱు బిరుదు లేకుండగా, స్త్రీలకు మాత్రము విడిగా విస్తరి యేల వేసిరో నాకు బోధపడలేదు.