ముద్ద దిగని రోజుల్లో ఇంటివాళ్లే వైద్యులు

రేడియేషన్ గది తలుపు వేశాక లోపల పట్టే సమయం తక్కువే. కిరణాలు పడేది కొద్ది నిమిషాలు. ఆ సమయంలో నొప్పీ ఉండదు, వేడీ తెలియదు. గొంతు క్యాన్సర్ వైద్యంలో అసలు కష్టం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక మొదలవుతుంది. కాబట్టి సగం బరువు ఇంట్లోవాళ్లే మోయాలి. ఆ సంగతి వాళ్లకు ముందుగా, వివరంగా చెప్పేవాళ్లు తక్కువ.

ఆపరేషన్ లేకుండా నయం చేయాలనుకున్నప్పుడు సాధారణంగా 70 గ్రే మోతాదును 35 విడతలుగా ఇస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు. జబ్బు ముదిరితే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తోడవుతుంది. ఊళ్ల నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రికో వచ్చేవాళ్లకు ఏడు వారాలంటే దగ్గర్లో గది అద్దెకు తీసుకోవడం, పొలం ఎవరికో అప్పగించడం, ఒకరు పని మానుకుని తోడుండడం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు వైద్యం ఖర్చు చూసుకున్నా గది అద్దె, పోయిన కూలి చాలావరకు ఇంటి మీదే పడతాయి. ఈ లెక్క మొదటి వారంలోనే వేసుకోవాలి. నాలుగో వారం దాటేసరికి మిగిలిన క్యాన్సర్ కణాలు మరింత వేగంగా పెరగడానికి చూస్తాయి. సరిగ్గా అప్పుడే నొప్పి తట్టుకోలేక, డబ్బు సరిపోక ‘పండక్కి ఇంటికెళ్లి నాలుగు రోజులాగి వస్తాం’ అంటారు. ఆ నాలుగు రోజులు చాలా ఖరీదైనవి. పెళ్లయినా, సంక్రాంతైనా డాక్టర్ చెప్పకుండా ఒక్క విడత కూడా మానకూడదు.

మొదలుపెట్టేముందు పళ్ల డాక్టరుకు చూపిస్తారు. పుచ్చిపోయిన పళ్లు ఉంటే అప్పుడే పీకేసి, పుండు మానాక కిరణాలు ఇస్తారు. తర్వాత మాస్కు. ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం, మెడ, భుజాల మీద పరుస్తారు. కొద్ది నిమిషాల్లో అది ఆ మనిషి ఆకారంలోనే బిగుసుకుంటుంది. రోజూ దాన్ని తొడిగి బల్లకు క్లిప్పులతో బిగిస్తారు, తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు కాబట్టి. మాస్కుకు బోలెడన్ని రంధ్రాలుంటాయి, ఊపిరి ఆడుతుంది. అయినా తొలిరోజు గుండె దడదడలాడుతుంది. ‘అమ్మా, బయటే ఉన్నాను, అయిపోగానే వచ్చేస్తా’ అని కూతురు చెప్పే మాట అప్పుడు మందులా పనిచేస్తుంది.

రెండో వారం చివరికి రుచి పోతుంది. లాలాజలం తగ్గి బంకలా మారుతుంది. మూడో వారానికి గొంతు పుండవుతుంది, మంచినీళ్లు కూడా మండుతాయి. తాలింపు వాసనకే వికారం. ఇంట్లో గొడవలు మొదలయ్యేదీ అప్పుడే. ‘ఇంకో రెండు ముద్దలు తినండి, మీకోసం కాకపోయినా పిల్లల కోసమైనా’ అని భార్య కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆయన విసురుగా కంచం తోసేస్తాడు. ఇద్దరి తప్పూ లేదు. ప్రేమతో బలవంతపెట్టినా పుండు పుండే. అక్కడ అక్కరకొచ్చేది ఉపాయం. నొప్పి మందు వేసిన అరగంటకు తినిపించడం, మూడు పూటల పెద్ద భోజనం బదులు రెండు గంటలకోసారి చిన్న గిన్నెడు పెట్టడం. మజ్జిగ, కొబ్బరినీళ్లు తేలిగ్గా దిగుతాయని వాటితోనే కడుపు నింపేస్తుంటారు. వాటిలో బలం తక్కువ. ఉడికించిన గుడ్డును పాలలో వేసి మిక్సీ పట్టడం, రాగిజావలో పాలు, నెయ్యి కలపడం, పప్పుకట్టుతో అన్నం మెత్తగా పిసికి వడకట్టడం మేలు. ఉప్పూ కారం నామమాత్రం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజులో చాలాసార్లు పుక్కిలించాలి. నోట్లో తెల్లటి పొర కనిపించినా, తాగుతుంటే పొలమారినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. వారానికోసారి బరువు చూసి గోడమీది క్యాలెండర్లో రాసిపెట్టే పని పెద్ద పిల్లలకు అప్పగించొచ్చు.

బరువు పడిపోతుంటే ముక్కు గొట్టం వేయాలంటారు. ‘గొట్టం దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే’ అని చుట్టాలు గుసగుసలాడతారు. నొప్పికి మార్ఫిన్ రాసినా అదే భయం. రెండూ మనిషిని వైద్యం చివరిదాకా నిలబెట్టడానికే ఇస్తారు. నేనైతే గొట్టాన్ని ఎంత తొందరగా ఒప్పుకుంటే అంత మంచిదంటాను. తిండి గురించిన పోట్లాట ఆగి, భార్యాభర్తలు మళ్లీ మామూలు మాటలు మాట్లాడుకోగలుగుతారు. గొట్టంలో ఆహారం పోయడం నర్సు ఒక్కరోజులో నేర్పిస్తుంది: కూర్చోబెట్టి సిరంజిలో నెమ్మదిగా పోయాలి, తర్వాత నీళ్లు పోసి గొట్టం కడగాలి, అరగంట పడుకోనివ్వకూడదు. గొట్టం ఉన్నా, డాక్టరు వద్దనకపోతే రోజూ కాసిని నీళ్లు గుటక వేస్తూ ఉండాలి. వాడని కండరం మింగడం మరిచిపోతుంది.

ఈ పనంతా ఒక్క ఆడమనిషి మీదే పడేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. రాత్రి దగ్గుకు లేచేదీ, తెల్లారి జావ కాచేదీ, ఆస్పత్రి వరుసలో నిలబడేదీ ఆమే అయితే ఐదో వారానికి ఆమె కూడా మంచం పడుతుంది. కొడుకులు, మరుదులు, ఆడపడుచులు వంతులు వేసుకోవాలి. ఆస్పత్రికి వచ్చి పండ్లిచ్చి వెళ్లే చుట్టం ఒక రాత్రి కాపలా ఉంటే ఇంకా మంచిది. బీడీ, చుట్ట, గుట్కా ఆ ఇంట్లో ఎవరికీ ఉండకూడదు. ఎదురుగా ఇంకొకరు వెలిగిస్తుంటే మానేయడం చాలా కష్టం. దగ్గరికెళ్తే కిరణాలు సోకుతాయన్న భయమూ వద్దు. కిరణాలు బయటి నుంచి ఇస్తారు, ఒంట్లో ఏమీ మిగలదు. మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. కంచం వేరు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారంటే బాధేస్తుంది.

చివరి విడత అయ్యాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ తర్వాతి ఒకటి రెండు వారాలే అన్నిటికంటే గడ్డు. కోడలు ఆఫీసుకు, కొడుకు ఊరికి వెళ్లిపోయేదీ అప్పుడే. ఇంకో నెల తోడు ఉండేలా ముందే అనుకోవాలి. రుచి నెలల మీద మెల్లగా తిరిగొస్తుంది. నోటి ఎండుదనం చాలామందిలో కొంత మిగిలిపోతుంది. దవడ బిగుసుకోకుండా రోజూ నోరు తెరిచే వ్యాయామాలు చేయించాలి. థైరాయిడ్ మందగించే అవకాశం ఉంది కాబట్టి ఆరు నెలలకో, ఏడాదికో రక్తపరీక్ష అవసరం. ఏళ్ల తర్వాత పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, ఆ ఎముకకు కిరణాలు తగిలాయని పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి, లేకపోతే దవడ మానకుండా దెబ్బతినవచ్చు. కాబట్టి ఏ భాగానికి ఎంత మోతాదు ఇచ్చారో రాసున్న ఆస్పత్రి ఫైలును బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కనే పెట్టండి, ఎక్కడుందో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.