విమానములో కురిడీకాయలు

మధురపూడిలో విమానమెక్కి దూరదేశమునందలి కుమార్తెను చూడబోవు కోనసీమ తల్లి, కురిడీకాయలు మూటగట్టుకొనుట సహజమే. అయినను ఎండుకొబ్బరిని చేతిసంచియందుగాని, సామానుపెట్టెయందుగాని విమానములోనికి రానీయరు.

ఇది అధికారుల కాఠిన్యము కాదు. ఎండుకొబ్బరియందు చమురు మెండు. అది గాలిలోని ప్రాణవాయువుతో కలియునపుడు వేడి పుట్టును. చెమ్మ సోకిన మూటలో ఆ వేడిమి వెలికిపోజాలనిచో, నిప్పు తగులకయే కొబ్బరి మండవచ్చును. కావుననే ఐక్యరాజ్యసమితివారి అపాయకర వస్తువుల పట్టికలో దీనికి 1363వ సంఖ్య యీయబడినది. నేలపై మంట పుట్టిన బయటికి పరుగెత్తుదుము. ఆకాశమున నెక్కడికి పోగలము?

కావున పచ్చికొబ్బరితో, బెల్లముతో లౌజు చేసి, బిగువైన డబ్బాలో సామానుపెట్టెయందుంచుడు. చేరబోవు దేశపు నిబంధనలను ముందుగా విచారింపుడు. తనిఖీకడ కురిడీలను విడిచి కంటతడిపెట్టుటకంటె, ఇంటికడనే యీ సంగతి యెరుగుట మేలు.