పెళ్ళిళ్ళు లేని నెలలో ఒక ఫోటోగ్రాఫర్ లెక్కలు

ధనుర్మాసం వచ్చిందంటే యాదగిరిగుట్టలో తెల్లారకముందే తిరుప్పావై వినబడుతుంది. గుళ్ళో సందడి పెరుగుతుంది, మా ఫోటోగ్రాఫర్ల ఫోన్లు మాత్రం మూగబోతాయి. డిసెంబర్ నడుమ నుంచి సంక్రాంతి దాకా పెళ్ళి ముహూర్తాలు ఉండవు కదా. జనవరి ఒకటిన హైదరాబాద్ నుంచి జనం గుట్టకు పోటెత్తుతుంటే నేను ఇంట్లో నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటాను. ఎవరికి ఏం బాకీ ఉన్నాను, వచ్చే ఏడాది ఏం చేయాలి అని రాసుకోవడానికి ఇంతకన్నా మంచి తీరిక మళ్ళీ దొరకదు.

“అన్నా, డిగ్రీ అయిపోవస్తోంది. కెమెరా కొనుక్కుంటే బతకొచ్చా?” అని అడిగే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఈసారి ఆ నోటుబుక్కే మీ ముందు విప్పుతున్నాను.

మొదటి బాకీ భువనగిరిలో నాకు పని నేర్పిన స్టూడియో యజమానికి. బీకాం అయిపోగానే ఆయన దగ్గర చేరితే ఆరు నెలల దాకా కెమెరా చేతికివ్వలేదు. లైటు పట్టుకో, బ్యాటరీలు చార్జింగ్ పెట్టు, ఆల్బమ్‌కు ఫోటోలు ఏరు... ఇవే పనులు. అప్పుడు కోపమొచ్చేది. కానీ జీలకర్ర బెల్లం పెట్టే ఘడియలో పురోహితుడి వీపు అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో ఆ లైటు పట్టుకున్నప్పుడే తెలిసింది. ఆ ఘడియ తప్పిపోతే “ఇంకోసారి పెట్టండి” అని పెళ్ళికొడుకును అడగలేం. ఏ కెమెరా కొనాలని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ముందు ఎవరి దగ్గరైనా ఒక సీజన్ లైటు పట్టుకోండి. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే అప్పుడు కొనండి.

రెండో బాకీ భూదాన్ పోచంపల్లిలో ఒక పెద్దమ్మకు. నూలుకు ముడులు కడుతుంటే ఆమె చేతులు ఫోటో తీశాను. ఆ ఫోటోకు నలుగురి దగ్గర మంచి పేరొచ్చింది. మళ్ళీ ఆ వీధికి పోయినప్పుడు “తీస్కపోతివి బిడ్డా, మరి మాకిచ్చేదెప్పుడు?” అని అడిగింది. నవ్వుతూనే అడిగింది కానీ నాకు తల కొట్టేసినట్టయింది. చూపిద్దామంటే నా దగ్గర ప్రింటు కాదు కదా, ఆమె పేరు కూడా రాసి లేదు. “నేత కార్మికురాలు, పోచంపల్లి” అని మాత్రమే ఉంది.

మూడోది బాకీ కాదు, నష్టం. గుట్ట మీద గుడి పునర్నిర్మాణం 2016లో మొదలైంది. నల్లని కృష్ణశిలతో కట్టిన కొత్త ఆలయంలో 2022 మార్చి 28 నుంచి దర్శనాలు మొదలయ్యాయి. అంతకుముందున్న పాత మెట్లు, దుకాణాల వరుసలు, కొబ్బరికాయల కుప్పలు అన్నీ నేను కాలేజీ రోజుల్లోనే తీశాను. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో పెట్టాను. ఒకరోజు అది టేబుల్ మీద నుంచి జారిపడింది, అంతే. కొత్త కెమెరా ఎంత మంచిదైనా పాత గుట్టను మళ్ళీ తీసిపెట్టదు. కొన్నాళ్ళకు వరంగల్ హైవే మీద వెలిసిన ఒక ప్లాట్ల వెంచర్ కరపత్రంలో, పొద్దుగూకేవేళ గుట్టను తీసిన నా ఫోటో కనబడింది. అడగడానికి వెళ్తే “నీదేనని ఏం రుజువు?” అన్నారు. అసలు ఫైలు ఆ డిస్కుతోపాటే పోయింది. వెనక్కి వచ్చేశాను.

రాజా దీన్ దయాళ్ సంగతి ఆ తర్వాతే శ్రద్ధగా చదివాను. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన ఆయన రూర్కీలో ఇంజినీరింగ్ చదివి ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగంలో చేరాడు. ఉద్యోగంలో ఉండగానే ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, 1894లో రాజా బిరుదు కూడా అందుకున్నాడు. 1905లో ఆయన పోయాక ఎనభై ఏళ్ళు దాటినా గాజు నెగటివ్‌లు మిగిలే ఉన్నాయి. వాటిలో 2,857 నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొన్నది. గాజు పలకలు అన్నేళ్ళు నిలిస్తే నా డిస్కు ఒక్క పాటుకే పోయింది.

మనకు ఇంకా దగ్గరివారు భరత్ భూషణ్. వరంగల్ బిడ్డ. పత్రికల్లో పనిచేస్తూనే బతుకమ్మలను, పల్లె ఆడవాళ్ళను, పాత ఇళ్ళ గోడలను, తలుపులను ఏళ్ళ తరబడి తీస్తూ పోయారు. 2022 జనవరి చివర కన్నుమూశారు. ఆ తలుపుల్లో ఎన్నిటిని ఇప్పుడు వెళ్ళి చూడగలం?

అందుకని ఈ ఏడాది నేను అరకు, లడఖ్ అని తిరగదలచుకోలేదు. నెలకు రెండు రోజులు పోచంపల్లికి. నూలుకు ముడి కట్టడం, రంగులో ముంచడం, ముడి విప్పడం, మగ్గానికెక్కించడం, ఒకే ఇంట్లో ఒకే చీర వెంట మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. అట్లే ఆసు పోసే చేతులు. ఒక్క చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పాల్సిన పని అది. తల్లి పడే నొప్పి చూడలేక ఆలేరు పక్క శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆడవాళ్ళ భుజాలకు విశ్రాంతి దొరికింది, సంతోషమే. చేత్తో ఆసు పోయడం వచ్చిన పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళను తీసుకోవాలి. ప్రతి ఫోటోకు పేరు, ఊరు, తేదీ రాస్తాను. తీసిన ప్రతి మనిషికీ ఒక ప్రింటు ఇస్తాను. ఫైళ్ళు మూడు కాపీలు, అందులో ఒకటి మా అక్క ఇంట్లో.

ఇదంతా కడుపు నింపుతుందా అంటే, నింపదు. నింపేది పెళ్ళిళ్ళే. బట్టల దుకాణాలకు ఆన్‌లైన్ అమ్మకాల ఫోటోలు, హోటళ్ళ మెనూ ఫోటోలు, వెంచర్ల వీడియోలు తోడవుతాయి. అక్కడే ఒక మాట గుర్తుపెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారే మొదటి యజమాని. మన సొంతంగా తీసింది మనది. కాబట్టి పని ఒప్పుకునే ముందే ఎన్ని ఫోటోలు, ఎప్పటికి, ఎక్కడ వాడతారు, నేను నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అని ఒక కాగితం రాసుకోండి. వాట్సాప్‌లో “సరే అన్నా” అన్న జవాబొచ్చినా ఏమీ లేనిదానికన్నా నయం. నేనైతే ఈ ఏడాది నుంచి అడ్వాన్స్ లేనిదే తేదీ రాసుకోను. చుట్టాలకైనా అంతే. (ఈ మాట మా మేనమామకు ఇంకా చెప్పలేదు.)

పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీతో బీఎఫ్ఏ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ తర్వాత ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఫాల్గుణంలో గుట్ట బ్రహ్మోత్సవాలు వస్తాయి. ఆ లోపల పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలవుతాయి, ఊపిరాడదు. అందుకే ప్రింట్లు నిన్ననే తీయించాను. మొత్తం పద్నాలుగు. రేపు పొద్దున బస్సుకు పోచంపల్లి పోతున్నా. పెద్దమ్మది కాస్త పెద్ద సైజులో వేయించాను. వెనక రాయడానికి ఆమె పేరు ముందు అడగాలి.